బాపు ఫారంలో నేను తప్పు నింపిన గడి

ఆ రోజు పొద్దున బాపు చేతిలోంచి చాయ్ గ్లాసు జారి కిందపడింది. నేను అప్పటికే బ్యాగు భుజానికి తగిలించుకుని, మద్దూరు బస్సు ఎక్కడ వెళ్లిపోతుందోనని తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాను. ఏమైంది బాపూ అని అడిగితే నా వైపు చూశాడు. పెదవులు కదిపాడు గాని మాట రాలేదు. ముందు రోజే మా ఇద్దరికీ బీపీ గోలీల దగ్గర మాటా మాటా అయింది. కోపమొస్తే మా బాపు రెండ్రోజులు నోరు విప్పడు. ఇదీ ఆ అలకే అనుకున్నాను. మాట్లాడకపోతే మానె, గోలీ మాత్రం వేసుకోమని చెప్పి బస్సెక్కేశాను.

నా పనేమిటో చెబితే ఇది ఎంత సిగ్గుచేటో మీకు అర్థమవుతుంది. నేను స్పీచ్ థెరపిస్టును. నారాయణపేట చుట్టుపక్కల మండలాల్లోని సర్కారు బడులు తిరుగుతాను. మాటలు ఆలస్యమైన పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు, చెవి మిషను పెట్టుకున్నవాళ్లు, గ్రహణమొర్రి ఆపరేషన్ అయినవాళ్లు నా దగ్గరికొస్తారు. వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరు. బడిలో ఖాళీ గది దొరికితే గదిలో, లేకపోతే మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల పక్కన చాప వేసుకుని కూర్చుంటాం. ఉన్నట్టుండి మనిషికి మాట పడిపోతే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకుపోవాలని టీచర్లకు ట్రైనింగులో చెప్పేది నేనే. మా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగితే చెప్పులేసుకుని వెళ్లిపోయాను.

పదకొండు గంటలకు అమ్మ ఫోన్ చేసింది.

"బాపుకు కుడిచెయ్యి లేస్తలేదు బిడ్డా. మూతి ఒక పక్కకు పోయింది. మీ చిన్నాయన గ్యాసంటాండు. గిది గ్యాస్ కాదు."

నేను తిరిగొచ్చేసరికి ఇంటి ముందర పది మంది పోగయ్యారు. పక్షవాతానికి ఆకుపసరు ఇచ్చేవాడు ఫలానా ఊళ్లో ఉన్నాడని ఒకరు, పావురం నెత్తురు రాస్తే కాళ్లూ చేతులూ లేస్తాయని ఇంకొకరు చెబుతున్నారు. అమ్మ ఎవరి మాటా చెవిన పెట్టలేదు. అప్పటికే కారు మాట్లాడి, బాపును వెనక సీట్లో పడుకోబెట్టి నా కోసం చూస్తోంది. మా అమ్మ బడికి పోలేదు. ఆ రోజు మా ఇంట్లో చదువుకున్నదానిలా నడుచుకున్నది ఆమె ఒక్కతే.

మహబూబ్‌నగర్ దవాఖానకు చేరేసరికి ఒంటిగంటన్నర. సీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎన్ని గంటలకు మొదలైందని అడిగింది. ఏడుంబావుకు అన్నాను. బస్సు టైము కదా, నాకు నిమిషంతో సహా తెలుసు.

"మెదడులో లెఫ్ట్ సైడ్ ఇన్‌ఫార్క్ట్, రక్తం గడ్డకట్టింది. క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కు విండో పీరియడ్, నాలుగున్నర గంటలు, దాటిపోయిందమ్మా. స్పీచ్ ఏరియా ఇన్‌వాల్వ్ అయింది. బ్రోకాస్ అఫేసియా."

ఆ పేరు నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. పుస్తకంలో అది రెండు పేరాలు. మంచం మీద అది మా బాపు. నేను ఏం పని చేస్తానో తెలిశాక డాక్టరమ్మ, ఇంట్లోనే థెరపిస్టు ఉన్నారు, మీ నాన్నగారు అదృష్టవంతులు అంది. ఆ మాటకు నేను బయటికొచ్చి కారిడార్‌లో గోడకానుకుని ఏడ్చాను.

మింగడం కూడా దెబ్బతినడంతో ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేశారు. నేను టెస్టు చేసి సరేననేదాకా నోట్లో చుక్క కూడా పోయొద్దని అమ్మకు పదిసార్లు చెప్పాను. అయిదో రోజు నేను మందులకు వెళ్లిన పది నిమిషాల్లో అమ్మ రెండు చెంచాల చాయ్ పోసింది. మర్నాటికి దగ్గు, జ్వరం, ఆయాసం. చాయ్ ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పిరేషన్ న్యుమోనియా వచ్చిందన్నారు. ఐసీయూకు మార్చారు. నేను అమ్మ మీద వార్డంతా వినేలా అరిచాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, చాయ్ లేనిదే కన్ను తెరవని మనిషి, ఎట్ల సూడాలె బిడ్డా అంది. ఆ రోజు పొద్దున బస్సెక్కి పోయినదాన్ని, ఆమెను అనే ముఖం నాకెక్కడిది? ఆ సాయంత్రం నేనే క్యాంటీన్ నుంచి ఆమెకు చాయ్ తెచ్చిచ్చాను.

మూడు వారాలకు ఇంటికొచ్చాం. ట్యూబ్ తీసేశారు. కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తున్నాడు. వచ్చేముందు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"మొదటి మూడు నెలలు చాలా ఇంపార్టెంట్. వదలకండి."

వదులుతానా? మర్నాడే ఫైలు తెరిచాను. బడి పిల్లలకు రాసే ఫారంలోనే బాపు పేరు, వయసు, పని అన్నీ నింపాను. పని దగ్గర ‘నేత’ అని రాశాను. ఇంట్లో మాట్లాడే భాష అన్న గడిలో పెన్ను ఆపకుండా ‘తెలుగు’ అని రాశాను. బడి సంచీలోంచి బొమ్మల కార్డులు తీశాను. ఆవు, అరటిపండు, గొడుగు.

ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు నేసే మనిషి మా బాపు. ఏ చీర అంచులో ఎన్నో పోగు దగ్గర రంగు మారుతుందో కాగితం లేకుండా చెప్పేవాడు. ఆయన ముందు ఆవు బొమ్మ పెట్టి, అను బాపూ, ఆ… ఆవు అన్నాను. ఆయన చెమటలు కక్కి, మెడ నరాలు ఉబ్బేదాకా ప్రయత్నించి, "అదే… అదే…" అన్నాడు. ఏది చూపించినా అదే. మంచినీళ్లు కావాలన్నా అదే, మనవడిని పిలవాలన్నా అదే. విసుగొచ్చినప్పుడు మాత్రం ఒక పచ్చి తిట్టు ముత్యంలా వచ్చేది. దాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటారు, అది మాట వచ్చినట్టు కాదని చెబితే అమ్మ ఒప్పుకోదు. తిడితె తిట్టనియ్యి, గొంతన్న ఇనవడుతాంది అనేది.

ఆరు వారాలు అలాగే గడిచాయి. ఒక రోజు బాపు ఎడమచేత్తో కార్డులన్నీ ఊడ్చి విసిరేశాడు. ఆవూ అరటిపండూ గొడుగూ వెళ్లి మగ్గం గుంటలో పడ్డాయి. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు నేను పక్కన కూర్చోగానే కళ్లు మూసుకున్నాడు. ఆ పైరోజూ అంతే. మూడు నెలల్లో రెండు నెలలు దాటిపోయాయి, బాపు పూర్తిగా మానేశాడు. ఊళ్లో అందరి పిల్లలకూ మాటలు నేర్పే నేను మా బాపును మూగవాణ్ణి చేసి కూర్చోబెట్టానని నాకు దిగులు పట్టుకుంది. బస్సులో తల దించుకుని కూర్చునేదాన్ని.

అప్పుడు మల్లప్ప వచ్చాడు. ఆయన కర్ణాటక సరిహద్దు అవతల గుర్మిట్కల్ వైపు మనిషి. నూలుకు రంగులద్ది తెస్తాడు. ముప్పై ఏళ్ల స్నేహం ఇద్దరిదీ. కూతురి కాన్పుకని పూణె పోయి ఉన్నాడు, బాపు సంగతి ఆయనకు తెలియదు. ఎప్పటిలాగే నూలు మూట దింపి, మగ్గం పక్కన మంచం మీద ఉన్న బాపును చూసి, ఎప్పటిలాగే కన్నడంలో భోజనం అయిందా అని పలకరించాడు.

"ఊటా ఆతేన్రీ?"

"ఆతు" అన్నాడు బాపు.

నేను గుమ్మంలో నీళ్ల చెంబుతో నిలబడి ఉన్నాను. అయింది అన్నాడు. అడిగినదానికి సరైన జవాబు. మల్లప్పకు ఇంకా ఏమీ తెలియదు కాబట్టి మామూలుగానే రెండు ఎర్ర చిలపలు, చుట్టిన నూలు కట్టలు, తీసి బాపు ముందు పెట్టాడు. బాపు ఒకదాన్ని ఎడమచేత్తో పట్టుకుని వెలుతురుకేసి చూసి పక్కకు తోసేశాడు.

"బ్యాడ. ఇదు బ్యాడ."

ఇది వద్దు అని. రెండు మాటలు కలిపి అన్నాడు. చెంబు అక్కడే పెట్టి నేల మీద కూలబడ్డాను. మల్లప్ప కంగారుపడి, ఏమైందమ్మా అని అడిగితే అప్పుడు బాపు సంగతంతా చెప్పాను.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. బాపుకు కన్నడం వచ్చని నాకు తెలియక కాదు. బాపు తల్లి, మా అవ్వ, అవతలి వైపు ఆడపిల్ల. బాపుకు ఊహ తెలిసేదాకా ఇంట్లో కన్నడమే. నా చిన్నప్పుడు కూడా అవ్వా బాపూ అందులోనే మాట్లాడుకునేవాళ్లు. అవ్వ పోయాక, నా కొడుకు చరణ్ పుట్టాక, వాడికి రెండున్నరేళ్లొచ్చినా మాటలు రాలేదు. బాపు వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అవ్వ మాటల్లో ముద్దుచేసేవాడు. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది, కొత్త తెలివి. ఇంట్లో ఒక్కటే భాష ఉండాలి, పిల్లగాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు, కన్నడం బంద్ చెయ్యమని బాపుకు చెప్పేశాను. ఆయన ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి గడప లోపల ఆ భాష వినిపించలేదు. మల్లప్ప వస్తే మగ్గం దగ్గర మాత్రం నడిచేది. దాన్ని నేను బేరం మాటల కింద లెక్కేశాను. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఒక సీనియర్ చెబితే నమ్మాను, నమ్మి అందరికీ చెప్పాను.

మర్నాడే డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెకు కూడా సంతోషమేసింది.

"ఏ లాంగ్వేజ్ ముందొస్తదో మేం చెప్పలేం. ఒక్కోసారి చిన్నప్పటిది, ఒక్కోసారి కాదు. ఏది వస్తే దాన్నే పట్టుకోండి."

పట్టుకున్నాం. కార్డులు అటక మీదికెక్కాయి. వాటి బదులు నూలు చిలపలు, మగ్గం మీది నాడె, కండెలు, చాయ్ గ్లాసు, బాపు చేతికి రోజూ తగిలేవే పెట్టాను. మల్లప్ప ప్రతి గురువారం పని ఉన్నా లేకపోయినా బస్సెక్కి వచ్చేవాడు. మిగతా రోజులు నాకే దిక్కు. నా కన్నడం అవ్వతోనే పోయింది. పాలగిన్నె చూపించి ఏదో అన్నాను. బాపు నా ముఖంలోకి చూసి, ఇంత చదివి ఇదా నీ వరస అన్నట్టు నవ్వి, "హాలు" అని దిద్దాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. ఇక నేను కావాలని తప్పులు చేసేదాన్ని. ఊరందరి పిల్లలకూ మాటలు దిద్దే నన్ను తను దిద్దుతుంటే ఆయనకు ఎక్కడలేని హుషారు. పంతులు ఎవరో, పేషెంట్ ఎవరో అమ్మకు అర్థమయ్యేది కాదు.

కన్నడం మాట వచ్చిన చోట దాని పక్కనే తెలుగు మాట పెట్టాను. నీరు, నీళ్లు. హాలు, పాలు. ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి రావడం మొదలైంది. రోజూ రాలేదు. మధ్యలో ఒక వారం మళ్లీ అంతా "అదే… అదే…" అయిపోయింది, జ్వరం వచ్చి. నేను హడలిపోయాను. జ్వరం తగ్గింది, మాటలు తిరిగొచ్చాయి. ఒక్కో తెలుగు మాటకు చరణ్ గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. గోడ నిండిపోతోందని అమ్మ కసురుకునేది, మళ్లీ వాడికి సుద్దముక్క తనే అందించేది.

నాలుగో నెల దాటాక ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక, చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను. మల్లప్ప రాకముందు ఆరు వారాలు కష్టపడ్డావు కదా బాపూ, ఒక్క కన్నడం మాటన్నా ఎందుకు ప్రయత్నం చెయ్యలేదు అన్నాను. ఆయన చాలాసేపు మాటలు వెతుక్కున్నాడు. నేను అందివ్వలేదు. అందివ్వకూడదని నాకు తెలుసు.

"నువ్వే…" అన్నాడు. ఆగాడు. "నువ్వే… ఒద్దంటివి… కదనే."

జబ్బు చేశాక మా బాపు నోట వచ్చిన మొదటి పూర్తి తెలుగు వాక్యం అది. తిట్టు కాదు, నిష్ఠూరం కూడా కాదు, మెల్లగా నవ్వుతూ అన్నాడు. నేను ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఏడుస్తూనే, అమ్మా వాక్యం వచ్చిందే, మొత్తం వాక్యమే అని కేక పెట్టాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. గోడ మీద పెద్ద గీత గీసింది చరణ్ కాదు, అమ్మ.

ఆ వారం బడి పిల్లల పాత ఫారాలన్నీ తీశాను. నేను ఒద్దన్నది ఒక్క బాపుకేనా? మద్దూరు దగ్గర తండా బడిలో అప్పట్లో కావేరి అని రెండో తరగతి పాప ఉండేది. చెవి పరీక్ష బాగానే ఉంది, మాటలే రావు. అంతకు రెండేళ్ల ముందు ఆ పాప ఫారంలో కూడా ఆ గడిలో ‘తెలుగు’ అనే రాసి, వాళ్లమ్మ శాంతిబాయికి, ఇంట్లో లంబాడీ బంద్ చేసి తెలుగే మాట్లాడమని చెప్పాను. రెండేళ్లలో పాప మూడు నాలుగు మాటలు దాటలేదు. తల్లి శ్రద్ధ పెట్టడం లేదని రిపోర్టులో రాశాను. ఆ రాసింది కూడా నేనే.

తండాకు వెళ్లాను. శాంతిబాయి కంది చేను నుంచి అప్పుడే వచ్చింది. ఆమె వాకిట్లో కూర్చుని, నేను తప్పు చెప్పానమ్మా, నీ భాషలోనే మాట్లాడు, ఎంత మాట్లాడితే అంత మంచిది అన్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నాకొచ్చిన తెలుగు నాలుగు ముక్కలు మేడం. అన్నం తిను, బడికి పో, పండుకో. గవి అయిపోయినంక పిల్లతోని ఏం మాట్లాడాలెనో తెల్వకపాయె. ఊకున్న. రెండేండ్ల సంది నా బిడ్డతోని ఊకనే ఉన్న."

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాను. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడన్న చెప్పినవు, నడువు అంది.

అక్కడి నుంచి ఆమే నాకు పంతులమ్మ. నీళ్లు పాణీ, రొట్టె బాటీ, అమ్మ యాడి. ఆమె చెబితే నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. శాంతిబాయి పాటలందుకుంది, కథలందుకుంది, పొద్దున లేచిన దగ్గర నుంచి వాగుతూనే ఉందని పక్కింటివాళ్లు నవ్వారట. ఎండాకాలం సెలవులకు ముందు ఒక రోజు, బియ్యం బస్తాల పక్కన నా చాప మీద కూర్చున్న కావేరి, గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసి గట్టిగా, "యాడీ, పాణీ" అంది. రెండు మాటలు కలిపి. శాంతిబాయి నీళ్ల సీసా మూత తియ్యబోయి మొత్తం తన చీర మీదే ఒంపుకుంది. ఈ ఏడు కావేరి ప్రార్థనలో రోజు వార్త తెలుగులో చదువుతోంది. ఇంట్లో లంబాడీలో తల్లికి ఎదురు చెబుతోందని శాంతిబాయి నాకే ఫిర్యాదు చేస్తుంది, మురిసిపోతూ.

బాపుకు జబ్బు చేసి మూడేళ్లు దాటింది. కుడిచెయ్యి మగ్గానికి రాలేదు, రాదు. మగ్గం మీద ఇప్పుడు అమ్మ కూర్చుంటుంది, పక్కన కుర్చీలో బాపు కూర్చుని పోగులు చెబుతాడు. తప్పు పోతే రెండు భాషల్లోనూ తిడతాడు. మాట మెల్లగా వస్తుంది, పేర్లు ఇంకా తడుముకుంటాడు. శనివారం నాతోపాటు పిల్లల దగ్గరికి వస్తాడు. నత్తి ఉన్న పిల్లలు నా దగ్గర బిగుసుకుపోతారు గాని ఆయన దగ్గర తీరిగ్గా మాట్లాడతారు. తొందరపెట్టడు, మధ్యలో మాట అందుకోడు. చరణ్ కన్నడం నేర్చుకున్నాడు. తాతామనవళ్లు నా మీద చాడీలు చెప్పుకోవడానికి అదే వాడుకుంటున్నారని నా అనుమానం.

ఇది చదువుతున్న మీ ఇంట్లో పెద్దవాళ్లకు మాట పడిపోయినా, చిన్నవాళ్లకు మాట రాకపోయినా, నేను చెప్పేది ఒక్కటే. థెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని, ఆ మనిషి పుట్టిన దగ్గర నుంచి విన్న భాషలన్నీ కాగితం మీద రాసుకుపొండి. తల్లి జోల పాడినది, అంగట్లో మాట్లాడినది, స్నేహితుడితో నవ్వుకున్నది, అన్నీ. థెరపిస్టు అడగకపోయినా చేతిలో పెట్టండి. అడగకుండానే నింపేసేవాళ్లు మాలో ఉంటారు.

నా ఫారంలో ఆ గడిని పెద్దది చేసి నాలుగు గీతలు గీశాను. కొత్త ఫారం మొదట బాపుకే నింపుదామని పక్కన కూర్చున్నాను. అలవాటు కొద్దీ నా పెన్ను మొదటి గీత మీద ‘తె’ దాకా వెళ్లింది. బాపు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"మొదలు… మా అవ్వది… రాయి."

‘తె’ కొట్టేసి, కన్నడం అని రాశాను.